పరారీ బీరువా

శిక్ష పడినవాడు తీర్పు నకలు కోసం ఆ సాయంత్రమే దరఖాస్తు పెడతాడు. పైకోర్టు మెట్లెక్కాలి కదా. కేసు కొట్టేశారని విన్నవాడు మాత్రం కాగితం ఊసెత్తడు. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ఆ భవనం వైపు మళ్లీ చూడకుండా ఇంటికి పోతాడు. ఆ భవనం నేలమాళిగలో ఇరవై ఎనిమిదేళ్లుగా క్రిమినల్ కోర్టు రికార్డు గది చూస్తున్న గుమాస్తా మాత్రం, మనుషులు చేసే తప్పుల్లో దీన్ని మించింది లేదంటాడు.

"తప్పు చేసినవాడి దగ్గర కాగితం ఉంటుంది. చెయ్యనివాడి దగ్గర ఉండదు. ఇంక లోకం ఎవర్ని నమ్ముతుంది?"

ఆయన్ని అందరూ చెదల బాబాయి అంటారు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఉత్తరపు గోడలో చెదలు కనిపిస్తే పై అధికారులకు నలభై ఒక్క ఉత్తరాలు రాశాడు. నలభై రెండోది రాయబోతుంటే, ఆయన పోరు పడలేక గోడే పడగొట్టించారు. వకీళ్ల గుమాస్తాలు అప్పుడు పెట్టిన పేరది. ఎదురుగా పిలిచినా కోపం రాదు. అసలు పేరుతో పిలిస్తేనే ఏదో మెమో వచ్చిందేమోనని ఉలిక్కిపడతాడు.

న్యాయం గుడ్డిది, న్యాయం దైవం అని ఉపన్యాసాలిచ్చేవాళ్లను ఒకసారి ఈ గదికి తీసుకురావాలి. ఇక్కడ దైవం లేదు. పైకప్పు దాకా ఇనుప అరలు, గుడ్డలో మూటగట్టిన కట్టలు, నాలుగో మెట్టు లేని నిచ్చెన ఉన్నాయి. రెండు కిటికీలు రోడ్డు మట్టానికి ఉంటాయి. వాటిలోంచి మనుషులు కనబడరు, చెప్పులు కనబడతాయి. చెప్పుల నడక చూసి వచ్చేది వకీలా, పోలీసా, ముద్దాయి తల్లా చెప్పగలనంటాడు బాబాయి. నాలుగుసార్లకు మూడుసార్లు తప్పుతాడు.

బుధవారం పొద్దున పదిన్నరకు ఆ కిటికీ ముందు నుంచి ఒక జత నల్ల బూట్లు గబగబా వెళ్లాయి. "పోలీసు," అనుకున్నాడు. మెట్లు దిగి వచ్చింది ఒక ఆడమనిషి. ముప్పై ఆరేళ్లుంటాయి. చేతిలో వ్యాను తాళాలు.

"సార్, నా కేసు కావాలి."

"ఇక్కడికి వచ్చేవాళ్లంతా వదిలించుకోవడానికి వస్తారమ్మా. కావాలని అడిగింది నువ్వే."

ఆవిడ నవ్వలేదు. రెండు ఉత్తరాలు బల్లమీద పెట్టింది. ఆవిడ పన్నెండేళ్లుగా స్కూలు వ్యాను నడుపుతోంది. నెలాఖరుకు స్కూలు ఆ వ్యాన్లు ఎత్తేసి పెద్ద బస్సులు పెడుతోంది, వాటికి డ్రైవర్లు కూడా బస్సులతోపాటే వస్తారు. ఈలోగా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు పరీక్ష రాసింది, మెలికలు తిప్పే మైదానంలో బస్సు తోలి చూపించింది, ఎంపికైంది. వయసు పరిమితి ప్రకారం ఆవిడకు ఇదే ఆఖరి ఏడు. అంతా అయ్యాక పోలీసుల విచారణ ఉత్తరం వచ్చింది: పదిహేడేళ్ల కిందట క్రైమ్ నంబరు ఎనభై ఎనిమిదిలో ఈమె ముద్దాయి. రెండో ఉత్తరం డిపో నుంచి: సదరు కేసు ఫలితం తెలిపే తీర్పు నకలు గురువారం సాయంత్రం ఐదు గంటల్లోగా దాఖలు చెయ్యాలి, లేనిచో ఎంపిక రద్దు.

"పైన కంప్యూటర్ గదిలో అడిగావా?"

"అడిగా సార్. ఒక్క ముక్క వచ్చింది. 'పరిష్కారమైంది' అని. డిపోలో ఆయనకు చూపిస్తే, ఉరి వేసినా పరిష్కారమే, వదిలేసినా పరిష్కారమే, ఏదో ఒకటి చెప్పే కాగితం తెమ్మన్నాడు."

"తెలివైనవాడే. మరి నీకేమైంది? ఉరా, వదిలేశారా?"

"కొట్టేశారు సార్. మా వకీలు బయటికొచ్చి, అయిపోయింది, ఇళ్లకెళ్లండన్నాడు. వెళ్లిపోయాం."

"కాగితం?"

"ఎవరడుగుతారు సార్ అప్పుడు?"

బాబాయి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఈ జవాబు ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. తర్వాత లేచి పని మొదలుపెట్టాడు.

అక్కడ కేసు వెతకడం అంటే మూడు మెట్లు దిగడం. పోలీసుల దగ్గరుండేది స్టేషను ఇచ్చిన క్రైమ్ నంబరు, దానితో కోర్టుకు పనిలేదు. ముందు ఆ ఏడాది దాఖలు రిజిస్టరు తీసి, ఎనభై ఎనిమిది ఎదురుగా కోర్టు ఏ కేసు నంబరు వేసిందో చూడాలి. ఆ కేసు నంబరు పట్టుకుని ఫైసలా రిజిస్టరు తీసి, తీర్పు ఏ తేదీన వచ్చిందో చూడాలి. అప్పుడే కట్ట దగ్గరికి వెళ్లగలం. ఎందుకంటే కట్టలు పేర్చింది కేసు నంబరు వరసలో కాదు, తీర్పు వచ్చిన నెల వరసలో.

"నంబరు వరసలో పెట్టుకోవచ్చుగా సార్?"

"నంబరు పుట్టిన తేదీ లాంటిదమ్మా. మేం చచ్చిన తేదీ ప్రకారం పూడుస్తాం."

దాఖలు రిజిస్టరులో ఎనభై ఎనిమిది పదిహేను నిమిషాల్లో దొరికింది. కేసు నంబరు మూడు వందల నలభై ఒకటి, తొమ్మిది మంది ముద్దాయిలు. ఫైసలా రిజిస్టరుకు గంట పట్టింది. కేసు నాలుగేళ్లు నడిచింది, ఆ నాలుగేళ్ల పుస్తకాలూ తిరగెయ్యాల్సి వచ్చింది. మూడు వందల నలభై ఒకటి. తీర్పు తేదీ ఉంది. ఫలితం గడిలో 'నిర్దోషులు' అని పొట్టి అక్షరాలతో ఉంది. అది చూడగానే ఆవిడ ఊపిరి వదిలింది.

"ఇదిగో రాసే ఉందిగా సార్! ఈ పేజీ నకలు ఇచ్చెయ్యండి."

"ఇందులో నీ పేరెక్కడుంది? నంబరొక్కటే ఉంది. నువ్వు ఇందులో మనిషివని తీర్పులో ఉంటుంది. ఆగు."

నిచ్చెన ఎక్కి ఆ నెల కట్ట దించాడు. ముడి విప్పాడు. మూడు వందల ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై ఒకటి లేదు. బల్ల సొరుగులోంచి ఒక పలచటి ఫైలు తీశాడు. నిర్దోషులుగా తేలిన కేసుల కాగితాలను పన్నెండేళ్లు దాటాక ఉంచరు. జాబితా రాసి, సంతకాలు చేసి, కాగితం మిల్లుకు పంపేస్తారు. అలా పంపినవి కిందటేడు రెండు వందల పద్నాలుగు. నాలుగో పేజీలో పైనుంచి ఆరోది, మూడు వందల నలభై ఒకటి.

"అంటే?"

"అంటే మిల్లుకు పోయింది తల్లీ."

ఆవిడ జాబితా తన వైపు తిప్పుకుంది. వేలు అడుగుకు జరిపింది.

"ఈ సంతకం ఎవరిది సార్?"

"నాది."

ఆవిడ అరిస్తే ఆయనకు తేలికయ్యేది. అరవలేదు. నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. అప్పుడు ఆవిడకు పంతొమ్మిది, దారాలు కత్తిరించే బల్ల దగ్గర పని. పని వేళల్లో వెనక తలుపుకు బయటినుంచి తాళం వేసేవారు. ఒకరోజు బాయిలరు గదిలో పొగ లేస్తే నూట ఇరవై మంది ఒక్క తలుపులోంచి తోసుకుని బయటపడ్డారు. మర్నాడు తాళం తీస్తేనే లోపలికొస్తామని గేటు ముందు కూర్చున్నారు. ఎవరో రాయి వేశారు. మేనేజరు కారు అద్దం పగిలింది, డ్రైవరు కంటికి గాజు గుచ్చుకుంది. తొమ్మిది మంది మీద కేసు.

"తొమ్మిది మందీ బయటపడ్డారా?"

"వచ్చినవాళ్లందరం బయటపడ్డాం సార్."

చెప్పి తాళాలు తీసుకుంది. మూడింటికి పిల్లల్ని ఎక్కించుకోవాలి. "రేపు సాయంత్రం ఐదు దాకా టైముంది కదా సార్," అంది మెట్ల దగ్గర ఆగి, అది ఎవరికి చెబుతోందో తనకే తెలియనట్టు.

*

బాబాయి ఇంట్లో ముందుగది ఆయన భార్యది. ఆవిడ బట్టలకు సరిచేతలు చేస్తుంది, అంటే బిగుతైనవి వదులు, వదులైనవి బిగుతు. మనుషుల బరువు పెరిగినంత కాలం నాకు పని తరగదంటుంది. ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంటి తాళం ఎక్కడ పెట్టారు?"

"ఏమో."

"ముప్పై ఏళ్ల కిందటి దొంగ చొక్కా రంగు చెబుతారు. పొద్దున్న పెట్టిన తాళం చెప్పలేరు. మిమ్మల్ని చేసుకునే బదులు ఏదో ఒక నేరం చేసుంటే బాగా గుర్తుపెట్టుకునేవారు."

మామూలుగా ఈ మాటకు ఆయన నవ్వుతాడు. ఆవేళ నవ్వలేదు. ఆవిడ మిషను ఆపి చూసింది. ఆయన చెప్పాడు. ఆవిడ ఓదార్చలేదు, అది ఆవిడకు చేతకాదు. ఒళ్లో ఉన్న కోటు ఎత్తి చూపించింది.

"మీరే కాదు లెండి, వెధవ పనులు చేసేది. ఇది చూడండి. వదులు చెయ్యమని ఇచ్చాడు. ముందు కుట్టిన మహానుభావుడు లోపలి అంచు అంతా కత్తిరించేశాడు. బట్టే లేకపోతే నేనెక్కణ్నుంచి వదలను? ఒకప్పుడు అంచుందని సూది బెజ్జాలు మాత్రం మిగిలాయి."

బాబాయి ఆ బెజ్జాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కోటు పక్కన పెట్టి, "వచ్చినవాళ్లందరం," అన్నాడు.

"ఎవరొచ్చారు?"

"వచ్చినవాళ్లందరం బయటపడ్డాం అంది. రానివాడొకడు ఉన్నాడన్నమాట."

ఆరేళ్ల కిందట ఫైసలా రిజిస్టర్లు చినిగిపోతుంటే కొత్త అట్టలు వేయించారు. అట్టలు వేసినతను పుస్తకాలు ముచ్చటగా కనబడాలని మూడు వైపులా అంచులు కోసేశాడు. కుడి అంచున ఉండేది రిమార్కుల గడి. ఆ గడి బొటనవేలంత వెడల్పు పోయింది. కిందటేడు మిల్లు జాబితా రాసింది ఆ పుస్తకాలు చూసే.

*

గురువారం ఎనిమిదింటికే కాపలావాడిని బతిమాలి తలుపు తీయించాడు. పుస్తకం కిటికీ కిందికి తెచ్చి మూడు వందల నలభై ఒకటి ఉన్న పేజీ వెలుతురుకు పట్టాడు. కోసిన అంచు మీద, అక్షరం అని చెప్పడానికి వీల్లేని మూడు ఎర్ర తోకలు.

ఆ పుస్తకాల్లో అంతా నల్ల సిరానే. ఎర్ర సిరా ఒక్కదానికే వాడేవారు: ముద్దాయి పరారీ అయినప్పుడు. తొమ్మిది మందిలో ఒకడు పారిపోతే మిగిలిన ఎనిమిది మందిని ఆపరు. పారిపోయినవాడిని విడగొట్టి కొత్త నంబరు వేస్తారు. ఎనిమిది మంది కేసు తేలిపోతుంది, కానీ కాగితాలు కట్టలోకి వెళ్లవు. వాడు దొరికిన రోజున కావాలి కదా. వాడి ఫైలుతో పాటు తలుపు వెనక ఉన్న ఇనుప బీరువాలో పెడతారు. దాన్నే పరారీ బీరువా అంటారు. దానికి పన్నెండేళ్ల గడువు వర్తించదు. అందులో కాగితానికి చావు లేదు, మనిషి చస్తే తప్ప.

అంటే మిల్లుకు పంపిన రోజు మూడు వందల నలభై ఒకటి కట్టలో లేనే లేదు. రెండు వందల పద్నాలుగు పంపానని ఆయన సంతకం చేశాడు. పంపినవి రెండు వందల పదమూడు. ఎవరూ లెక్కపెట్టలేదు. తూకం వేశారు.

బీరువాలో మూడు వందల పైచిలుకు ఫైళ్లు, అన్నీ కొత్త నంబర్ల వరసలో. కొత్త నంబరేమో కోసిపారేసిన అంచులో పోయింది. ఒక్కొక్కటే తియ్యాలి. తొమ్మిదిన్నరకు సగమైంది. పదింటికి నల్ల బూట్లు కిటికీ దాటాయి. ఆవిడ లోపలికి వచ్చేసరికి బాబాయి నేల మీద కాళ్లు బారజాపి కూర్చుని ఉన్నాడు, జుట్టంతా దుమ్ము. ఎత్తి చూపించిన ఫైలు మీద ఒకటే పేరు, తొమ్మిదో ముద్దాయిది. ఆవిడ ఆ పేరు చదివి గోడకు ఆనుకుంది.

"నీకేమవుతాడు?"

"అన్నయ్య."

బాబాయి ఫైలు ఇవ్వలేదు. ముందు చెప్పాల్సింది చెప్పాడు.

"ఇది మామూలు కట్టలో ఉంటే నకలు నేనే తీయించి ఇచ్చేవాణ్ని, అరగంట పని. ఇది పరారీ ఫైలు. నకలు అడిగితే ఫైలు జడ్జిగారి బల్ల మీదికి పోవాలి. ఆయన నీ కాగితం ఒక్కటే చూసి ఊరుకోడు. ఈ వారంటు ఏమైందంటాడు. ఇన్నేళ్లుగా పడుకున్నది లేచి కూర్చుంటుంది. అర్థమైందా?"

"పోలీసులొస్తారు."

"ముందు నీ ఇంటికే వస్తారు."

ఆవిడ చెయ్యి చాచింది. తీర్పు పదకొండు పేజీలు. నిలబడే చదివింది. ఎనిమిదో పేజీ దగ్గర ఆగి, అదే వాక్యం మళ్లీ చదివింది. రాయి వేసింది తొమ్మిదో ముద్దాయేనని సాక్షులందరూ చెప్పారు, అతడు పరారీలో ఉన్నాడు, ఒకటి నుంచి ఎనిమిది వరకు ముద్దాయిలు రాయి వేసినట్లు ఏ ఆధారమూ లేదు.

"ఇలా రాశారా?"

"అన్నిట్లోనూ ఇలాగే ఉంటుందమ్మా. పారిపోయినవాడు కోర్టులో అందరికీ చుట్టం. వకీళ్లు సాక్షుల చేత ఉన్నదంతా వాడి నెత్తిన పెట్టిస్తారు. వాడు వచ్చి కాదనడు కదా. ఈ బీరువాలో ఉన్నవాళ్లంతా తలా ఐదుగురి పాపం మోస్తున్నారు."

"సార్, ఆ రాయి..."

"నాకు చెప్పకు."

"నేనే వేశా."

"చెప్పకు అన్నానా? నేను దాచేది కాగితాలు, మాటలు కాదు." మళ్లీ తనే, "ఒకసారి నిర్దోషివని తేలాక ఆ రాయికి నిన్ను మళ్లీ బోనెక్కించరు. దానికి భయపడకు," అన్నాడు. ఆవిడ భయపడుతోంది దానికి కాదని ఆయనకూ తెలుసు.

ఆవిడ నిచ్చెన పక్కకు వెళ్లి ఫోను చేసింది. ఆ గదిలో రహస్యంగా మాట్లాడటం కుదరదు. అవతలి గొంతు కూడా వినబడుతోంది, వెనకాల కుట్టుమిషను టకటకతో సహా. అన్న ఎనిమిది గంటల బస్సు దూరంలో ఇంకో పేరుతో మిషన్లు బాగుచేస్తాడు.

"ఈ టైంలో ఫోనేంటే? వ్యాను ఎక్కడైనా గుద్దావా?"

"కాగితం దొరికింది అన్నయ్యా."

"మంచిదేగా. ఏడుపెందుకు మరి?"

"ఏడవట్లేదు, దుమ్ము. రాయి నువ్వు వేశావని రాశారు ఇందులో."

అవతల నవ్వు. "నేనా? చెట్టు మీద కాయ ఒక్కటైనా కొట్టానా చిన్నప్పుడు? గురి ఎప్పుడూ నీదేగా."

"నకలు అడిగితే నీ వారంటు లేస్తుందట."

టకటక ఆగిపోయింది.

"నేనెక్కడున్నానో వాళ్లకు తెలీదుగా."

"నన్నడుగుతారు."

"చెబుతావా?"

"పదిహేడేళ్లుగా తెలీదు తెలీదు అంటున్నా. మాటిమాటికీ ఎంత తెలివితక్కువదాన్లా మొహం పెట్టాలో నీకేం తెలుసు? బస్సు తాళాలు చేతికిచ్చే చోట ఆ మొహం పెట్టలేను."

"అమ్మ ఏమనేదో తెలుసా? చెల్లెల్ని కాపాడటానికి నా కొడుకు ఊరొదిలాడని."

"చచ్చేదాకా అదే చెప్పింది."

"చెప్పుకోనీలే అని ఊరుకున్నా. నిజం చెప్పనా? భయమేసి పారిపోయా. నీ సంగతి బస్సెక్కి రెండూళ్లు దాటాక గుర్తొచ్చింది."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"పక్కింట్లో గొడవైతే మంచం కింద దూరేవాడివి. నువ్వు నన్ను కాపాడటమేంటి."

"ఎప్పటికి కావాలి కాగితం?"

"ఐదింటికి."

"ఇవాళా? సోమవారం దాకా ఆగదా?"

"నా తర్వాతి మనిషి జాబితా పట్టుకుని డిపో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావే?"

"అడగట్లేదు అన్నయ్యా. చెబుతున్నా."

ఫోను అవతలి వైపు నుంచే పెట్టేశారు. తిరిగి చేస్తే మోగలేదు.

ఇక్కడ ఆవిడ పిల్ల గురించి, అద్దె ఇంటి గురించి రెండు కన్నీటి వాక్యాలు రాస్తే ఆవిడ చేసింది మంచిదైపోతుంది. ఆవిడ అలా సర్దిచెప్పుకోలేదు. పదకొండున్నరకు దరఖాస్తు ఫారం అడిగింది. 'అర్జంటు' అన్న గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసింది.

తర్వాతి చిక్కు పై అంతస్తులో ఎదురైంది. హెడ్ గుమాస్తా ఫైలు చూసి, మిల్లు జాబితా చూసి, కళ్లజోడు తీశాడు.

"బాబాయ్, ఈ కేసు లేదు."

"చేతిలో ఉంది కదండీ."

"కాగితం మీద లేదు. లేనిదాన్ని జడ్జిగారికి పంపితే అడిగేది నిన్నే. జాబితా మీద సంతకం నీది. మెమో వస్తుంది. ఇంకా మూడేళ్లుంది నీకు సర్వీసు. ఆ ఆడమనిషితో దొరకలేదని చెప్పెయ్. నిన్నటిదాకా దొరకలేదుగా!"

"నిన్న దొరకలేదు. ఇవాళ దొరికింది."

"ఎవరు చూశారు?"

"నేను చూశానండీ."

బాబాయికి ఆవిడ మీద జాలి లేదని కాదు, కానీ ఆ మొండితనం జాలి వల్ల వచ్చింది కాదు. ఒక ఫైలు అరలో ఉండగా పుస్తకంలో లేదని ఉండటం ఆయనకు పంటికింద రాయి. ఒంటి గంటకు కుర్చీ లాక్కుని, తన తప్పు తన చేతి రాతతో, ఒక పేజీకి మించకుండా రాశాడు: అంచులు కోసిన రిజిస్టరు నమ్మి లేని కట్టను పంపినట్లు సంతకం చేశాను. లెక్కపెట్టలేదు. హెడ్ గుమాస్తా చదివి, "ఎర్ర తోకలు అని రాయకు, బాగోదు," అని ఆ రెండు మాటలూ కొట్టేసి, పైకి పంపాడు.

రెండింటి నుంచి జడ్జి వేరే కేసు వింటున్నాడు. బయట బల్ల మీద ఆవిడ. మూడింటికి స్కూలు పిల్లల్ని ఇవాళ్టికి చూసుకోమని ఇంకో వ్యాను అతణ్ని బతిమాలుకుంది. మూడుంబావు. మూడున్నర. బాబాయి రెండుసార్లు పైకి వచ్చి తలుపు సందులోంచి చూసి కిందికి పోయాడు. మూడు నలభైకి ఫైలు బయటికొచ్చింది. జడ్జి ఒకే పేజీలో రెండు ఆజ్ఞలు రాశాడు. మొదటిది: నకలు ఇవ్వండి. రెండోది: తొమ్మిదో ముద్దాయి మీద వారంటు మళ్లీ పంపండి.

మొదటి ఆజ్ఞకు ఇంకా టైపు, సరిచూడటం, ముద్ర ఉన్నాయి. నకళ్ల గది నాలుగింటికి మూస్తారు. బాబాయి ఆ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "నీ పెళ్లి రిజిస్టరు కాగితం నాలుగు గంటలు వెతికి తీసిచ్చింది ఎవరు?" అని అక్కడి టైపిస్టును అడిగాడు. "ఇచ్చినందుకు ఇప్పటికీ తిడుతున్నా బాబాయ్," అని ఆ అమ్మాయి తిరిగి కూర్చుంది. పదకొండు పేజీలు ముద్ర పడేసరికి నాలుగు ముప్పై ఐదు.

ఆవిడ తీసుకుంది. థాంక్స్ చెప్పబోయి, "వస్తా బాబాయ్," అంది. అంతకుముందు దాకా సార్. కిటికీలోంచి నల్ల బూట్లు పరుగెత్తడం ఆయన చూశాడు. డిపో కిటికీ దగ్గర ఆవిడ వంతు వచ్చేసరికి ఐదుకు ఆరు నిమిషాలు తక్కువ. గుమాస్తా మొదటి పేజీ చూశాడు, ఆఖరి పేజీ చూశాడు, ముద్ర మీద వేలు రుద్దాడు. ఎనిమిదో పేజీ తిప్పనే లేదు. "సోమవారం వచ్చి యూనిఫాం కొలతలివ్వండి," అన్నాడు.

*

శుక్రవారం పోలీసులు ఆవిడ ఇంటికి వెళ్లారు. ఆవిడ ఏం చెప్పిందో బాబాయి అడగలేదు. శనివారం ఆయనకు మెమో వచ్చింది. ఆయన భార్య దాన్ని రెండుసార్లు చదివి, "అక్షరాలు బాగున్నాయి," అని మడిచి పెట్టెలో పెట్టింది.

సోమవారం పదకొండింటికి కిటికీ దాటిన చెప్పులను బాబాయి పోల్చుకోలేకపోయాడు. అరిగిన తోలు చెప్పులు, రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి. ఐదు నిమిషాలు అక్కడక్కడే తిరిగాయి. చివరికి మెట్లు దిగి వచ్చినతను బక్కగా ఉన్నాడు, భుజాన పనిముట్ల సంచి, గోళ్లలో మిషను నూనె.

"ఇక్కడ నా కేసు ఉందటండీ."

"పేరు?"

అతనొక పేరు చెప్పాడు. అది కాదన్నట్టు తల ఊపి, కాస్త తడుముకుని, ఇంకో పేరు చెప్పాడు. ఫైలు మీద ఉన్న పేరు.

"వచ్చేటప్పుడు ఎవరూ పట్టుకోలేదా?"

"బస్సు నడిపినాయన ఖాకీ చొక్కా చూసి రెండుసార్లు దిగిపోదామనుకున్నా. ఇప్పుడు నన్ను లోపలేస్తారాండీ?"

"వెయ్యచ్చు. నాలుగు రోజులో, వారమో. ఊరికే చెప్పను." బాబాయి ఫైలు తెరిచి సాక్షుల జాబితా మీద వేలు నడిపించాడు. గడిచిన మూడు రోజుల్లో ఆయనకు వేరే పని లేదు, అందరి ఆరా తీశాడు. "ఏడుగురు. ఇద్దరు పోయారు. మేనేజరు దేశంలో లేడు. మిగతావాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ ఇప్పుడు కుర్చీల గోడౌను. నీ కేసులో ఇంకా నిలబడి ఉన్నది నువ్వొక్కడివే."

అతను ఆ మాటకు ఏడ్చాడో నవ్వాడో చెప్పడం కష్టం. అప్పుడు మెట్ల మీద నల్ల బూట్లు వినబడ్డాయి. బాబాయికి చూపించాలని తెచ్చిన యూనిఫాం కొలతల చీటీ ఆవిడ చేతిలోనే ఉంది. అన్నను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఫోను ఎందుకు ఎత్తలేదు?" అంది.

"ఛార్జింగ్ లేదు."

"నాలుగు రోజులా?"

"నాలుగు రోజులూ."

బాబాయి ఇద్దరి మధ్యలోంచి నకళ్ల దరఖాస్తు ఫారాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పోట్లాట తర్వాత. ముందు ఇది వినండి," అన్నాడు. "ఇతని కేసు కూడా తేలిపోయిందనుకోండి, ఈ ఫైలుకు పరారీ బీరువాలో పని ఉండదు. కట్టలోకి పోతుంది. పన్నెండేళ్లకు మిల్లుకు పోతుంది. ఈసారి నేను లెక్కపెట్టి మరీ పంపుతా. అందుకని తీర్పు చెప్పిన సాయంత్రమే, మొహం కడుక్కోవడానికి పోకుండా, ఇద్దరూ నా దగ్గరికి రండి. తలా రెండు నకళ్లు."

ఆవిడ ఒక ఫారం తీసుకుంది. ఇంకోటి అన్న వైపు తోసింది. అతను పేరు రాసే గడి దగ్గర పెన్ను ఆపి చెల్లెలి వైపు చూశాడు.

"పాతదే రాయి," అంది.